ఆవుకి ఆదివారం తెలీదు: పలమనేరు కొట్టంలో పిల్లల పది రోజులు

  ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు. కానీ మీ ఇంట్లో ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలుంటే, లేదా మీ అక్కకో అన్నకో ఆ వయసు పిల్లలుంటే, చివరిదాకా వినండి. పనికొస్తుంది.

మన దగ్గర ఏప్రిల్ ఆఖరు వారంలో బడులు మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ ఏడు వారాలు పిల్లల్ని ఏం చేయాలి అన్నది ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో పెద్ద సమస్య. అబాకస్, రోబోటిక్స్, కోడింగ్, స్విమ్మింగ్ ఇవన్నీ పాతవి. ఈమధ్య కొత్తగా వస్తున్నవి ఫార్మ్ క్యాంపులు. "ఆవుకి మేత పెట్టండి, పాలు పిండండి, ఎద్దుల బండి ఎక్కండి" అని పోస్టర్ ఉంటది. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి చాలామంది నన్ను అడుగుతున్నారు, బ్రో, ఇవి నిజంగా పని చేస్తాయా, మా పిల్లల్ని పంపొచ్చా అని. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఈ వీడియోల్లోకి వచ్చినోడిని. పశువుల డాక్టర్ని కాదు, పిల్లల డాక్టర్ని కాదు. కానీ మా పెద్దమ్మ వాళ్లది పలమనేరు దగ్గర పాడి. మొన్న మే నెలలో మా ఇంటి పిల్లలు ముగ్గురు అక్కడ పది రోజులున్నారు. నేనూ వాళ్లతోపాటే ఉన్నా. చూసింది చెప్తా, దాని చుట్టూ తెలిసింది కూడా చెప్తా.

ముందు ఈ ఐడియా ఎక్కడిదో చూద్దాం. సమ్మర్ క్యాంప్ అనేది అమెరికాలో పుట్టింది. 1861లో కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే హెడ్‌మాస్టర్ తన స్కూలు పిల్లల్ని నడిపించుకుంటూ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి గుడారాల్లో ఉంచాడు. మొదటి సమ్మర్ క్యాంప్ అదే అని చాలామంది చెప్తారు. తర్వాత పడమటి రాష్ట్రాల్లో రాంచ్ క్యాంపులు వచ్చాయి. రాంచ్ అంటే పశువుల్ని పెద్ద ఎత్తున మేపే క్షేత్రం. పిల్లలు అక్కడ గుర్రాలకి జీను వేస్తారు, కంచెలు బాగుచేస్తారు, దూడల్ని తోలతారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంగ్లాండ్ కథ. మైకేల్ మోర్పుర్గో అని పిల్లల రచయిత ఉన్నాడు. వార్ హార్స్ ఆయన పుస్తకమే, 1982లో వచ్చింది, తర్వాత స్పీల్‌బర్గ్ సినిమా తీశాడు. ఆయన మొదట బడిపంతులు. 1976లో ఆయనా, ఆయన భార్య క్లేర్ కలిసి డెవన్‌లో ఒక పాత పెద్ద ఇల్లు తీసుకుని, ఫార్మ్స్ ఫర్ సిటీ చిల్డ్రన్ అని మొదలుపెట్టారు. నగరాల్లో పేద వాడల బడుల నుంచి పిల్లలు తమ టీచర్లతో సహా వచ్చి ఒక వారం ఉంటారు. అక్కడ రూల్ ఒక్కటే. పని నిజమైనది అయ్యుండాలి. పిల్లల కోసం తయారుచేసిన ఆట కాకూడదు. కోళ్లకి మేత వేయకపోతే కోళ్లు పస్తుంటాయి, అంతే.

మోర్పుర్గో ఒక సంగతి చాలాచోట్ల చెప్పాడు. అక్కడికి ఒక అబ్బాయి వచ్చాడు, నత్తి వల్ల మనుషులతో అసలు మాట్లాడడు. ఆఖరి రోజు రాత్రి చూస్తే ఆ అబ్బాయి గుర్రం ముందు నిలబడి, ఆ రోజు తను చేసిన పనులన్నీ గలగలా చెప్పేస్తున్నాడు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుని వింటోంది. గుర్రం చేత కథ చెప్పించొచ్చు అన్న ధైర్యం తనకి ఆ రాత్రే వచ్చిందని ఆయన అంటాడు.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం. మనకి రాంచ్‌లు లేవు. మనకున్నది కొట్టం. రెండు ఆవులు, ఐదు ఆవులు, మహా అంటే ఇరవై. కానీ ఆ చిన్న కొట్టాలన్నీ కలిపితే చిత్తూరు పక్క పాలు రాష్ట్రంలోనే పేరున్న పాలు. వానలు తక్కువ, చెరువులు చాలా ఏళ్లు నిండవు, శెనక్కాయ పంట నమ్ముకుంటే ఒక ఏడు వస్తది రెండేళ్లు పోతది. ఆ లోటు పూడ్చింది పాడే. హెరిటేజ్ 1992లో మొదలైంది. తిరుపతి కేంద్రంగా 2014లో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ వచ్చింది. అందులో సభ్యులందరూ ఆడవాళ్లే, పాల డబ్బు వాళ్ల ఖాతాలోనే పడుతుంది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2005లో అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది.

పుంగనూరు ఆవు సంగతి మీ అందరికీ తెలిసే ఉంటది. ప్రపంచంలోనే అతి పొట్టి ఆవు జాతుల్లో ఒకటి, ఎత్తు దాదాపు మూడడుగులే. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ గారు తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక ఒక్కసారిగా వైరల్ అయింది. ఆ జాతిని కాపాడే పని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం. కానీ ఒక విషయం క్లియర్‌గా చెప్తా. మన పక్క డెయిరీలకి వెళ్లే పాలలో ఎక్కువ భాగం పుంగనూరు ఆవులవి కాదు, సంకరజాతి ఆవులవి. హెచ్‌ఎఫ్, జెర్సీ. హెచ్‌ఎఫ్ పుట్టింది నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ పక్క. జెర్సీది ఇంగ్లిష్ ఛానల్లో ఒక చిన్న దీవి. చలిదేశం రక్తం ఉన్న ఆవుని మన ఎండలో కాపాడుకోవడమే ఇక్కడ సగం పని. పలమనేరు కొంచెం ఎత్తు మీద ఉంది కాబట్టి తిరుపతంత మంట ఉండదు. అయినా మే నెల మే నెలే.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వస్తా. ముగ్గురు. పెద్దమ్మ మనవడు, మనవరాలు బెంగళూరు నుంచి. వాడికి పన్నెండు, పాపకి తొమ్మిది. మా అక్క కొడుకు చెన్నై నుంచి, వాడికి పది. పేర్లు చెప్పను, పిల్లలు కదా. పెద్దోడు, పాప, చెన్నైవాడు అని పిలుస్తా. ముగ్గురికీ పెద్దమ్మ అవ్వ, పెద్దనాన్న తాత, నేను మామ.

మొదటి రోజు ఎలా ఉంటదో మీరు ఊహించగలరు. పాప కొట్టం గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుంది. చెన్నైవాడు నెట్ లేదని ఏడుపు మొహం. పెద్దోడు ఆవుతో సెల్ఫీ తీసుకోబోతే అది తల విదిలించింది, వాడు ఆమడ దూరం పరిగెత్తాడు. పెద్దమ్మ ఏమీ అనలేదు. రాత్రి సంగటి ముద్ద, పప్పు పెట్టి, "పొద్దున్నే నాలుగున్నరకి లేపుతా. లేచినోళ్లు లేయండి, లేకుంటే పడుకోండి. ఆవుకి ఆదివారం తెలీదు" అనేసి పోయి పడుకుంది.

నేను ఆఫీసులో ప్రొడక్షన్ సపోర్ట్‌లో పని చేశా. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేవాలి. ఆ ఉద్యోగం కూడా ఇంత కఠినం కాదు. అక్కడ కనీసం షిఫ్ట్ మారేది. ఇక్కడ పద్నాలుగు ఆవులు, రోజుకి రెండు పూటలు పిండాలి. ఒక్క పూట తప్పితే పొదుగు బిగిసిపోతది, ఆ తర్వాత పొదుగువాపు రావొచ్చు, ఆవు పాలు తగ్గొచ్చు. పండగ లేదు, పెళ్లి లేదు. పెద్దమ్మా పెద్దనాన్నా ఇద్దరూ కలిసి ఒకే పెళ్లికి వెళ్లి పదిహేనేళ్లయింది.

మొదటి పొద్దున లేచింది పాప ఒక్కతే. అదే ముక్కు మూసుకున్న పాప. పెద్దమ్మ దానికి ఒక పని ఇచ్చింది. దూడల లెక్క. ఐదు దూడలు, ఏది పాలు తాగింది, ఏది తాగలేదు, ఏది పేడ పలచగా వేసింది అని చూసి చెప్పాలి. పెద్దమ్మ ప్రతి పొద్దున దాన్ని అడిగేది, పాప చెప్పిన దాన్ని బట్టే పని చేసేది. నాలుగో రోజు, "అవ్వా, చుక్కల దూడ కడుపు బాగలేదు" అని పాపే ముందు చూసింది. పెద్దమ్మ వెంటనే ఉప్పు, చక్కెర నీళ్లు తాగించి, పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసింది. దూడ నిలబడింది. చూడండి, తొమ్మిదేళ్ల పాప చెప్పిన మాట మీద పెద్దవాళ్లు కదిలారు. ఇళ్లల్లో మనం పిల్లలకి ఆ అవకాశం ఎన్నిసార్లు ఇస్తాం?

చెన్నైవాడు పాల కేంద్రం దగ్గర పడ్డాడు. పొద్దున ఆరుకి తాతతో టీవీఎస్ ఎక్సెల్ మీద క్యాన్ పెట్టుకుని వెళ్లడం. అక్కడ చిన్న గ్లాసుడు పాలు మెషిన్‌లో పెడితే ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అని స్క్రీన్ మీద వస్తది. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న తీసేశాక మిగిలే ప్రోటీన్, చక్కెర, ఖనిజాలు. ఆ రెండు నంబర్లని బట్టి లీటరు రేటు. ఒకరోజు ఫ్యాట్ 3.9 వచ్చింది, మర్నాడు 3.5. వాడికి అర్థం కాలేదు. తాత చెప్పాడు, ముందురోజు ఎండుగడ్డి తగ్గింది, పచ్చిగడ్డి మాత్రమే ఎక్కువ పడింది అని. నార పదార్థం తగ్గితే వెన్న తగ్గుతది. వాడు నోట్‌బుక్ తీసి టేబుల్ వేశాడు. ఎంత మేత, ఎంత దాణా, ఎన్ని లీటర్లు, ఎంత ఫ్యాట్. లెక్కల ట్యూషన్ అంటే పారిపోయే వాడు వీడు.

ఆ వారం పెద్దమ్మకి సగటున లీటరుకి 36 రూపాయలు పడింది. పాలిచ్చే ఆవుకి రోజుకి ఇరవై, ఇరవై ఐదు కిలోల పచ్చిగడ్డి, నాలుగైదు కిలోల ఎండుమేత, ప్రతి రెండున్నర లీటర్ల పాలకి ఒక కిలో దాణా. ఎండాకాలం నీళ్లు అరవై లీటర్లు దాటతాయి. ఈ లెక్కంతా వేసి వాడు మూడో రోజు రాత్రి అన్నాడు, "మామా, అవ్వకి జీతం ఏది? ఖర్చులు పోతే మిగిలేదాంట్లో అవ్వ జీతం ఎక్కడుంది?" పెద్దనాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పెద్దోడి సంగతి వేరు. వాడు మూడు రోజులు ఏ పనికీ రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఎండకి ఆవులు నోరు తెరిచి రొప్పుతున్నాయి. హెచ్‌ఎఫ్ ఆవుకి ఇరవై ఐదు, ఇరవై ఏడు డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతది. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. పెద్దమ్మ బిందెలతో నీళ్లు చల్లుతోంది. ఎవరూ చెప్పకుండానే వాడు వచ్చి బిందె పట్టుకున్నాడు. గంటన్నర చల్లాడు. అప్పటినుంచి మధ్యాహ్నం డ్యూటీ వాడిదే అయింది.

ఇక ఏడో రోజు రాత్రి. దీని గురించే ఈ ఎపిసోడ్ చేయాలనుకున్నా.

ఒక ఆవు నిండు చూలు. రాత్రి రెండింటికి పెద్దమ్మ పిల్లల్ని లేపింది. "చూస్తామన్నారు కదా, రాండి. అరవకండి, దూరంగా నిలబడండి." ముందు ఉమ్మనీటి సంచి, తర్వాత రెండు ముందు కాళ్లు, వాటి మీద మూతి. సవ్యంగానే వస్తోందని పెద్దనాన్న అన్నాడు. ఇరవై నిమిషాల్లో దూడ కింద పడింది. ఆవు నాకడం మొదలుపెట్టింది. ముప్పావు గంటలో అది తడబడుతూ లేచింది, పడింది, మళ్లీ లేచింది. పాప ఏడుస్తోంది, ఎందుకేడుస్తోందో దానికే తెలీదు. మొదటి గంటా రెండు గంటల్లో జున్నుపాలు తాగించాలి. రోగాలని తట్టుకునే శక్తి దూడకి తల్లి కడుపులో రాదు, ఆ పాలతోనే వస్తది. పెద్దోడు దూడ మూతిని పొదుగు దగ్గరికి పట్టాడు.

పెద్దనాన్న తోక ఎత్తి చూసి, "కోడెదూడ" అన్నాడు. పెద్దమ్మ మాట్లాడలేదు. పోయి వేన్నీళ్లు పెట్టింది.

పొద్దున పిల్లలు దానికి పేరు పెట్టేశారు. పెద్దోడు అడిగాడు, "అవ్వా, నువ్వెందుకు సంతోషంగా లేవు?"

ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు మాట మారుస్తారు. పెద్దమ్మ మార్చలేదు. "నాయనా, పేయదూడ అయ్యుంటే రెండున్నరేళ్లకి పాలిస్తది. ఇది కోడె. ఇంతకుముందయితే మడక కట్టడానికి, బండి కట్టడానికి ఎద్దు కావాల. ఇప్పుడు ట్రాక్టర్ వచ్చె. దీన్ని ఏం చేయాల నేను?" అంది.

చెన్నైవాడు నోట్‌బుక్ తీశాడు. దూడ రోజుకి మూడు లీటర్లు తాగితే, లీటరు 36 లెక్కన 108 రూపాయలు. రెండు నెలలకి 6,480. అమ్మితే ఎంతొస్తది అవ్వా అన్నాడు. "వెయ్యో, వెయ్యిన్నరో. కొన్నోళ్లు ఏం చేస్తారని నువ్వు అడగొద్దు, నేను కూడా అడగను" అంది. కొట్టంలో ఎవరూ మాట్లాడలేదు.

ఇది మా పెద్దమ్మ ఇంటి సమస్య ఒక్కటే కాదు. పాల కోసం ఆవుల్ని పెంచే ప్రతి దేశంలో ఉన్న సమస్య. పాలు రావాలంటే ఆవు ఈనాలి. ఈనితే రెండింట్లో ఒకటి మగది. మనం పొద్దున తాగే కాఫీకి రెండోవైపు ఈ కోడెదూడ నిలబడి ఉంది. పోస్టర్‌లో "పాలు పిండండి" అని రాసే క్యాంపులు ఈ భాగం చూపించవు. మరి పిల్లలకి చూపించాలా వద్దా? నా అభిప్రాయం అడిగితే, పదేళ్లు దాటిన పిల్లలకి, వాళ్లు అడిగితే, నిజం చెప్పొచ్చు. అవ్వ చెప్పినట్టు చెప్పాలి, తక్కువ మాటల్లో, భయపెట్టకుండా.

పెద్దోడు రెండ్రోజులు పాలు తాగలేదు. తర్వాత వాడే అడిగాడు, "ఆడ దూడలే పుట్టేలా చేయలేరా?" చేయొచ్చు. లింగ నిర్ధారిత వీర్యం అని ఉంది, ఆ సూది వేయిస్తే పదిలో తొమ్మిది ఆడ దూడలే. కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద దీన్ని ప్రోత్సహిస్తున్నారు. మామూలు సూది కంటే ఖరీదు, చూలు కట్టే అవకాశం కొంచెం తక్కువ. పెద్దనాన్నకి దీని గురించి తెలుసు, కానీ రెండుసార్లు చూలు నిలవక వదిలేశాడు. ఎదకొచ్చిన టైమ్ సరిగ్గా చూసి వేయిస్తే ఫలితం మెరుగ్గా ఉంటదని డాక్టర్ చెప్పాడట. ఇప్పుడు మనవడు బెంగళూరు నుంచి వారం వారం ఫోన్ చేసి, ఏ ఆవు ఎదకొచ్చింది తాతా అని అడుగుతున్నాడు. ఆ దూడ ప్రస్తుతానికి కొట్టంలోనే ఉంది. ఎన్నాళ్లుంటదో చెప్పలేను.

ఇంకో సంగతి. ఇది కూడా ఎవరూ వీడియోల్లో చెప్పరు.

పక్కింట్లో ఒక అమ్మాయి ఉంది, పదమూడేళ్లు. గవర్నమెంట్ హైస్కూల్లో ఎనిమిది పూర్తిచేసింది. వాళ్లకి మూడు ఆవులు. పొద్దున ఐదుకి లేచి పేడ ఎత్తుతది, గడ్డి కోసుకొస్తది, తర్వాత మా పిల్లలకి అన్నీ నేర్పించింది. పలుపు ముడి ఎలా వేయాలి, ఆవు వెనకనుంచి ఎందుకు రాకూడదు, చెవులు వెనక్కి పెడితే దాని అర్థమేంటి. నేను ఫోన్ పట్టుకుని మా పిల్లల్ని వీడియో తీస్తుంటే ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది, "అన్నా, వాళ్లు పేడ ఎత్తితే వీడియో తీస్తా ఉండావు. నేను రోజూ ఎత్తుతా కదా?"

వాళ్ల అమ్మతో, ఆ అమ్మాయితో మాట్లాడి, పేరు చెప్పను అని మాటిచ్చి ఇది చెప్తున్నా. చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 2016 సవరణలో ఒక మినహాయింపు ఉంది. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో సొంత కుటుంబానికి సాయం చేయొచ్చు.  కానీ తేడా చూడండి. ఒకరికి పది రోజుల పేడ పని అనుభవం, స్కూల్లో ప్రాజెక్టు, ఇన్‌స్టాలో రీల్. ఇంకొకరికి అదే పని ఏడాది పొడవునా, దానికి పేరు కూడా లేదు. మా పిల్లలు నేర్చుకున్న దాంట్లో సగానికి టీచర్ ఆ అమ్మాయే. క్యాంపు పెట్టే వాళ్లు ఎవరైనా వింటుంటే, ఆ ఊరి పిల్లల్ని బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టకండి. నేర్పించే వాళ్లుగా ముందు నిలబెట్టండి, వాళ్ల ఇంటికి డబ్బు చేరేలా చూడండి.

ఆ అమ్మాయికి పశువుల పనే ఇష్టం, కానీ చదువుకుని చేయాలని ఉంది. ఇలాంటి పిల్లలు మీకు తెలిస్తే ఒక మాట చేరవేయండి. పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా. పలమనేరులో కూడా ఒకటి ఉంది. చాలామంది ఇళ్లల్లో ఈ విషయం తెలీక పదో తరగతి కాగానే చదువు ఆపేస్తున్నారు.

ఆరోగ్యం గురించి ఒక మాట. "పశువుల మధ్య పెరిగితే ఆస్తమా రాదు" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. దాని వెనక నిజమైన స్టడీ ఉంది. 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు సమాజాల పిల్లల్ని పోల్చారు. మూలాలు, తిండి దాదాపు ఒకటే. ఆమిష్ వాళ్లది ఇంటి పక్కనే కొట్టం, పాత పద్ధతి సేద్యం. హట్టరైట్ వాళ్లది యంత్రాల సేద్యం, పశువులు ఇళ్లకి దూరం. ఆస్తమా ఆమిష్ పిల్లల్లో 5 శాతం దగ్గర, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం దగ్గర. కానీ అది చిన్నప్పటినుంచీ అక్కడే పెరిగిన పిల్లల సంగతి. పది రోజుల క్యాంపుతో ఆస్తమా పోతుందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఇప్పటికే ఆస్తమా ఉన్న పిల్లలకి గడ్డి దుమ్ము ఇబ్బంది చేయొచ్చు, డాక్టర్ని అడిగే పంపండి.

ఇప్పుడు మీరు నిజంగా పంపాలనుకుంటే, లేదా మీ అవ్వ వాళ్ల ఊరికే పంపాలనుకుంటే, చూసుకోవాల్సినవి.

మొదటిది, చాఫ్ కట్టర్. గడ్డి కోసే మెషిన్. పిల్లలు దాని దగ్గరికి వెళ్లకూడదు, ఎంత పెద్దవాళ్లయినా సరే. మా పెద్దమ్మ దాని చుట్టూ సున్నంతో గీత గీసింది. గీత దాటితే ఆ రోజు కొట్టంలోకి రానివ్వదు.

రెండోది, పచ్చి పాలు. పొదుగు నుంచి నేరుగా నోట్లోకి పిండడం రీల్స్‌లో బాగుంటది, చేయకండి. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు పచ్చి పాలతో మనుషులకి వస్తాయి. కాచి తాగండి. కొట్టంలోంచి రాగానే సబ్బుతో చేతులు.

మూడోది, కొత్తగా ఈనిన ఆవు, కోడెలు. అతి సాధువైన ఆవు కూడా దూడ దగ్గరికి వస్తే పొడుస్తది. ఇంటివాళ్లు లేకుండా వెళ్లొద్దు. టీటీ ఇంజెక్షన్ వేయించారో లేదో చూసుకోండి.

నాలుగోది, పాములు, బావులు. చీకట్లో చెప్పులు, టార్చ్ లేకుండా గడ్డివాము దగ్గరికి పోవద్దు. పాము కరిస్తే మంత్రం, కట్టు అని టైమ్ వేస్ట్ చేయకుండా 108. పలమనేరు, కుప్పం పక్క అయితే ఏనుగులు కూడా. కౌండిన్య అభయారణ్యం పక్కనే ఉంది, పొద్దుగూకాక పొలాల్లోకి పిల్లల్ని పంపకండి. ఇక పశువుకి ఏదైనా అయితే 1962. పశువుల అంబులెన్స్ నంబర్ అది, సేవ్ చేసుకోండి.

ఐదోది, రోజులు. ఒక్కరోజు టూర్ వద్దు. ఒక్కరోజులో కంపు మాత్రమే గుర్తుంటది. మా పిల్లలకి మూడు రోజులు విసుగు, నాలుగో రోజునుంచి పని. కనీసం వారం. ఒక్కో పిల్లకి ఒక్కో సొంత పని ఉండాలి, అది చేయకపోతే ఎవరికో ఒకరికి తేడా తెలియాలి. క్యాంపు వాళ్లని అడగండి, మా పిల్ల చేయకపోతే ఈ పని ఎవరు చేస్తారు అని. మేమే చేసేస్తాం సార్, పిల్లలు ఊరికే ఫోటోకి అని వాళ్లంటే, ఆ డబ్బు దాచుకోండి.

ఆరోది, డబ్బు. చుట్టాల ఇల్లే అయినా ముగ్గురు పిల్లలు పది రోజులంటే పెద్దమ్మ లాంటి వాళ్లకి పని పెరుగుతది, తగ్గదు. మా అక్క వాళ్లు వెళ్లేటప్పుడు రెండు మూటలు దాణా, ఒక నెల పశువుల మందుల ఖర్చు ఇచ్చి వెళ్లారు. పెద్దమ్మ వద్దు వద్దు అని తీసుకుంది.

చివరగా ఒక విషయం. పెద్దమ్మకి అరవై ఒకటి. మోకాళ్లు పోయాయి. కొడుకు, కూతురు ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు. వచ్చే ఉగాదికి పద్నాలుగు ఆవుల్ని ఆరు చేసేద్దాం అనుకుంటున్నారు. ఆ తర్వాత రెండు. ఆ తర్వాత ఏంటో మీకు తెలుసు. మన పక్క చాలా కొట్టాల పరిస్థితి ఇదే. మన తరం పిల్లలకి కొట్టం చూపించాలంటే టికెట్ కొనాల్సిన రోజు వస్తే, అప్పటికి నేర్పించే అవ్వలు ఉండరు. కాబట్టి మీ వాళ్లల్లో ఎవరికైనా ఇంకా నాలుగు ఆవులుంటే, ఈ సెలవులకి పిల్లల్ని అక్కడికి పంపే సంగతి ఆలోచించండి. వెళ్లే ముందు ఫోన్ చేసి, వాళ్లకి వీలవుతుందా అని అడగండి. ఏం తీసుకురావాలని కూడా అడగండి. వాళ్లు ఏమీ వద్దంటారు. దాణా మూట తీసుకెళ్లండి.

చెన్నైవాడి నోట్‌బుక్ ఇప్పుడు పెద్దనాన్న దగ్గరే ఉంది. రోజూ ఫ్యాట్ నంబర్ అందులోనే రాస్తున్నాడు. వచ్చే ఎపిసోడ్‌లో పాల రేటు ఎలా ఫిక్స్ చేస్తారు, మన ప్యాకెట్ ధరలో రైతుకి ఎంత పోతది అన్నది ఆ లెక్కలతోనే చూద్దాం. మీ ఇంట్లో పాడి ఉంటే మీ లెక్కలు కూడా పంపండి, కలిపి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు, జాగ్రత్తగా ఉండండి.